రంగుల మీద ఆన్‌లైన్ ప్రయోగం ఎలా చేయాలి? ఎవరి స్క్రీన్ ఎలా ఉన్నా చెల్లే పద్ధతి

మీ ఫోన్‌లో కనిపించే నీలం, మీ అత్తయ్య ఫోన్‌లో కనిపించే నీలం ఒకటి కాదు. ఒకరిది ఓఎల్ఈడీ స్క్రీన్, ఇంకొకరిది ఎల్‌సీడీ. ఒకరు బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టుకుంటారు, ఇంకొకరు బ్యాటరీ కోసం సగానికి తగ్గించుకుంటారు. సెట్టింగ్ పెట్టి ఉంటే కొన్ని ఫోన్లు చీకటి పడగానే తమంతట తామే స్క్రీన్‌ని పసుపు వైపు తిప్పేస్తాయి. అయినా చాలామంది విద్యార్థులు సైన్స్ ఫెయిర్ కోసం ఒక గూగుల్ ఫామ్ తయారు చేసి, పది రంగుల బొమ్మలు పెట్టి, "ఇది ఏ రంగు?" అని అడిగి, వచ్చిన జవాబుల్ని ఆడ, మగ అనో, చిన్న, పెద్ద అనో విడదీసి చార్టు గీసేస్తారు. "అందరికీ అదే రంగు కనిపించిందని మీకెలా తెలుసు?" అని ఎవరైనా అడిగితే జవాబు ఉండదు.

అలాగని ఆన్‌లైన్‌లో రంగుల ప్రయోగం చేయకూడదని కాదు. చేయొచ్చు, చాలా బాగా చేయొచ్చు. కిటుకంతా ప్రశ్న ఎంచుకోవడంలో ఉంది. ఒక మనిషిని ఇంకో మనిషితో పోల్చకండి. అదే మనిషిని, అదే స్క్రీన్ మీద, అదే పూట, రెండు పరిస్థితుల్లో పోల్చండి. అప్పుడు స్క్రీన్ కొంచెం పసుపుగా ఉంటే రెండు పరిస్థితుల్లోనూ పసుపుగానే ఉంటుంది. ఆ లోపం రెండు వైపులా సమానంగా పడుతుంది కాబట్టి, తేడా తీసేసరికి దాదాపుగా కొట్టుకుపోతుంది.

2015 ఫిబ్రవరిలో ఒక డ్రెస్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. కొందరికి అది నీలం, నలుపు. కొందరికి తెలుపు, బంగారు రంగు. అసలు డ్రెస్ నీలం, నలుపే. శాస్త్రవేత్తలు ఆ ఫొటోని అంత పట్టించుకోవడానికి కారణం ఉంది. పక్కపక్కన కూర్చుని ఒకే ఫోన్ చూస్తున్న ఇద్దరికి కూడా వేర్వేరుగా కనిపించింది. స్క్రీన్ ఒకటే కాబట్టి తేడా చూసేవాళ్లలోనే ఉందని తేలిపోయింది. మీ ప్రయోగానికి కూడా అలాంటి బలం ఉండాలి.

ఇక్కడ నేను చెప్పబోయేది ఒకే ఒక్క ప్రయోగం, మొదటి నుంచి చివరి దాకా. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఎవరైనా చేయగలరు. కోడింగ్ కొంచెం వస్తే మంచిది, రాకపోతే వచ్చిన స్నేహితుణ్ణి కలుపుకోండి.

ప్రశ్న

నీలం నుంచి ఆకుపచ్చకి రంగులు మెల్లగా మారుతూ పోతాయి. మధ్యలో ఎక్కడో "ఇది నీలం", "ఇది ఆకుపచ్చ" అని మనం ఒక గీత గీస్తాం. 2024లో పాట్రిక్ మినో అనే న్యూరోసైంటిస్ట్ సరిగ్గా దీని మీదే ఒక వెబ్‌సైట్ పెట్టారు. మీ గీత మిగతావాళ్ల గీతకి ఎటు వైపు ఉందో అది చెబుతుంది. సరదాగా ఉంటుంది కాబట్టి లక్షణంగా ఆడి చూడండి. కానీ మీ ప్రాజెక్టుగా దాన్నే మళ్లీ చేస్తే పాత చిక్కే వస్తుంది. మీ గీతకీ నా గీతకీ తేడా వస్తే అందులో కంటిది ఎంత, ఫోన్‌ది ఎంత?

అందుకే ప్రశ్నని ఒక మెట్టు మార్చుకుందాం. స్క్రీన్ మధ్యలో ఒక రంగు గడి పెట్టి, దాని చుట్టూ ఉన్న బ్యాక్‌గ్రౌండ్ రంగు మారిస్తే, అదే మనిషి గీత జరుగుతుందా? జరిగితే ఎటు, ఎంత?

ఈ ప్రశ్నకి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌లో మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే కెమిస్ట్ 1824లో పారిస్‌లోని గోబెలాన్ నేత కర్మాగారంలో అద్దకం విభాగానికి అధిపతి అయ్యారు. నల్ల రంగులో పస లేదని, వెలిసినట్టు ఉందని ఆయనకి ఫిర్యాదులు వచ్చాయి. ముఖ్యంగా నీలం, ఊదా రంగు బట్టల మడతల్లో నీడల కోసం వాడిన నలుపు మీద. ఆయన రంగుని పరీక్షించి చూస్తే అందులో ఏ లోపమూ లేదు. నలుపు పక్కన ఉన్న నీలమే దాన్ని అలా చూపిస్తోంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయని ఆయన 1839లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. ఆకుపచ్చ మధ్యలో పెట్టిన రంగు ఆకుపచ్చకి దూరంగా జరిగినట్టు, నీలం మధ్యలో పెట్టిన రంగు నీలానికి దూరంగా జరిగినట్టు కనిపిస్తుంది. పట్టుచీర నేసేవాళ్లకి, జాకెట్టు ముక్క మ్యాచింగ్ చూసేవాళ్లకి ఇది చేతి అనుభవంలో ఉన్న సంగతే. చీరల కొట్లో బాగా కలిసిందనుకున్న ముక్క ఇంటికొచ్చి అంచు పక్కన పెడితే వేరేగా కనిపించడంలో కొట్లో లైట్ల పాత్ర ఎంతో, పక్క రంగు పాత్ర కూడా అంతే ఉండొచ్చు.

కారణం కూడా క్లుప్తంగా తెలుసుకోండి, రిపోర్టులో రాయాల్సి వస్తుంది. కంటి రెటీనాలో రంగుని పట్టే కోన్ కణాలు మూడు రకాలు. ఒక రకం సుమారు 420 నానోమీటర్ల దగ్గర, ఇంకోటి 530 దగ్గర, మూడోది 560 దగ్గర కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. ఈ మూడింటి సంకేతాలు నేరుగా "రంగు"గా మారిపోవు. వాటిని ఒకదానితో ఒకటి, ఒక చోటి సంకేతాన్ని చుట్టుపక్కల సంకేతంతో పోల్చుకుంటూ దృష్టి వ్యవస్థ రంగుని నిర్ణయిస్తుంది. చుట్టూ మారితే నిర్ణయం మారడం అందుకే.

ఇక్కడే ఒక పని చేయండి. నోట్‌బుక్‌లో తేదీ వేసి మీ ఊహని రాయండి: "ఆకుపచ్చ బ్యాక్‌గ్రౌండ్ మీద గడులు ఎక్కువగా నీలం అనిపిస్తాయి. నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద ఎక్కువగా ఆకుపచ్చ అనిపిస్తాయి." ఒక్క జవాబు కూడా రాకముందే రాయాలి. ఫలితం చూశాక రాసిన ఊహకి విలువ లేదు.

రంగులు తయారు చేసుకోవడం

ఎక్కువ ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

వెబ్ పేజీలో రంగు చెప్పడానికి తేలికైన పద్ధతి హెచ్‌ఎస్‌ఎల్. వర్ణం (ఏ రంగు), గాఢత, కాంతి అనే మూడు అంకెలతో రంగుని చెబుతుంది. అందులో ఆకుపచ్చ వర్ణం 120, సియాన్ (నీలం, ఆకుపచ్చల మధ్య రంగు) 180, నీలం 240. వర్ణం అంకెని 150 నుంచి 210 దాకా మెల్లగా పెంచుతూ పోతే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. హెచ్‌ఎస్‌ఎల్‌లో కాంతి అంకెని 50 శాతం దగ్గరే ఉంచినా, కంటికి చేరే వెలుగు మారిపోతుంది. పూర్తి గాఢత దగ్గర 180 వర్ణం గడి, తెల్లని స్క్రీన్ వెలుగులో సుమారు 79% ఇస్తుంది. 210 దగ్గరికి వచ్చేసరికి అది సుమారు 23%కి పడిపోతుంది. అంటే మీ గడులు నీలం అవుతూనే చీకటి కూడా అవుతున్నాయి. అప్పుడు జవాబు చెప్పేవాళ్లు రంగుని చూసి చెప్పారా, చీకటిని చూసి చెప్పారా అనేది ఎప్పటికీ తేలదు.

దీనికి మందు ఓకేఎల్‌సీహెచ్. బ్యోర్న్ ఒట్టోసన్ 2020లో ప్రతిపాదించిన ఓకేల్యాబ్ అనే రంగుల కొలతకి ఇది ఇంకో రూపం. ఇందులో వెలుగు, గాఢత, వర్ణం మూడు అంకెలు. వెలుగు అంకె మార్చకపోతే కంటికి కూడా వెలుగు దాదాపు మారనట్టే ఉంటుంది. 2023 నుంచి పెద్ద బ్రౌజర్లన్నీ దీన్ని అర్థం చేసుకుంటున్నాయి. కానీ అప్‌డేట్ చేయని పాత ఫోన్లలో గడి రంగే రాకపోవచ్చు. అందుకని ప్రతి రంగునీ ముందే మామూలు ఆర్‌జీబీ కోడ్‌లోకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పే కోడ్) మార్చుకుని ఆ కోడ్‌నే పేజీలో పెట్టండి. మార్చే ఉచిత కాలిక్యులేటర్లు నెట్‌లో దొరుకుతాయి.

ఈ అంకెలతో మొదలుపెట్టండి. అన్ని రంగులకీ వెలుగు 0.7, గాఢత 0.1. ఈ కొలతలో మనకి కావాల్సిన వర్ణాలన్నీ మామూలు స్క్రీన్ చూపించగలిగే పరిధిలోనే ఉంటాయి. గాఢత ఇంకా పెంచితే సియాన్ దగ్గర స్క్రీన్ చేతులెత్తేస్తుంది, దగ్గర్లో ఉన్న వేరే రంగు చూపిస్తుంది. గడుల వర్ణం 160 నుంచి 210 దాకా, ఐదైదు చొప్పున, మొత్తం 11 రంగులు. బ్యాక్‌గ్రౌండ్‌లు రెండు: ఆకుపచ్చకి వర్ణం 140, నీలానికి 250. బ్యాక్‌గ్రౌండ్ స్క్రీన్ అంతా నిండాలి, గడి మధ్యలో ఉండాలి. గడి చుట్టూ నల్ల గీత, తెల్ల గీత గీయకండి. గీత గీస్తే పక్క రంగు ప్రభావం తగ్గుతుంది, మనం కొలవాలనుకున్నదే అది.

గడి సైజు ఎంత? స్క్రీన్ వెడల్పులో మూడో వంతు. మరీ చిన్నదైతే ఇంకో చిక్కు ఉంది. నీలం వైపు కాంతిని పట్టే కోన్‌లు సంఖ్యలో చాలా తక్కువ, చూపు సూటిగా పడే నడిమధ్య చోట అసలే ఉండవు. చుక్కంత గడిలో నీలం, ఆకుపచ్చ తేడా తెలియడం కష్టం. మరీ పెద్దదైతే చుట్టూ రంగుకి చోటు ఉండదు.

ఒక హెచ్చరిక. హెచ్‌ఎస్‌ఎల్ వర్ణం అంకె వేరు, ఓకేఎల్‌సీహెచ్ వర్ణం అంకె వేరు. హెచ్‌ఎస్‌ఎల్‌లో 180 అయిన సియాన్, ఓకేఎల్‌సీహెచ్‌లో దాదాపు 195 దగ్గర ఉంటుంది. నెట్‌లో ఎక్కడో చూసిన అంకెని మీ అంకెతో నేరుగా పోల్చి "మావాళ్ల గీత పక్కకి ఉంది" అని రాయకండి.

వరుస వేయడం

11 రంగులు, 2 బ్యాక్‌గ్రౌండ్‌లు, ఒక్కోటి 4 సార్లు. మొత్తం 88 గడులు. ఒక్కో గడికి రెండు సెకన్లు పట్టినా మూడు, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. దీనికన్నా పొడుగ్గా చేస్తే మధ్యలో వదిలేసి వెళ్లిపోతారు, లేదా చూడకుండా నొక్కేస్తారు.

చూడకుండా నొక్కేవాళ్లని పట్టుకోవడానికి ఇంకో 6 గడులు కలపండి: మూడు ఖాయంగా ఆకుపచ్చ, మూడు ఖాయంగా నీలం. వీటికి 140, 250 వర్ణాలే వాడండి, కానీ గ్రే బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టండి. 140 గడిని 140 బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే గడే మాయమైపోతుంది, ఎదుటివాళ్లు పేజీ పాడైందనుకుంటారు. ఈ ఆరింటిలో రెండు కన్నా ఎక్కువ తప్పితే ఆ మనిషి డేటా పక్కన పెట్టండి. అలాగే 0.2 సెకన్ల కన్నా త్వరగా వచ్చిన జవాబుని లెక్కలోకి తీసుకోకండి. చూసి, నిర్ణయించుకుని, నొక్కడానికి అంత తక్కువ టైమ్ సరిపోదు. ఈ నియమాలు కూడా ముందే నోట్‌బుక్‌లో ఉండాలి. డేటా వచ్చాక పెట్టుకున్న నియమం, తెలియకుండానే మనకి నచ్చిన ఫలితం వైపు వాలుతుంది.

రెండు బ్యాక్‌గ్రౌండ్‌లనీ కలిపి కలగాపులగంగా చూపించండి. ముందు ఆకుపచ్చ బ్యాక్‌గ్రౌండ్‌వి అన్నీ, తర్వాత నీలంవి అన్నీ అని పెడితే, కన్ను రెండు నిమిషాల పాటు ఆకుపచ్చకి అలవాటు పడిపోతుంది. ఆ అలవాటు వేరే ప్రభావం, పక్క రంగు ప్రభావం వేరు. రెండూ కలిసిపోతే విడదీయలేరు. ఇదే కారణంతో ఒక గడికీ ఇంకో గడికీ మధ్య అర సెకను పాటు ఖాళీ గ్రే స్క్రీన్ చూపించండి.

జవాబుకి రెండే బటన్లు: "నీలం / బ్లూ", "ఆకుపచ్చ / గ్రీన్". "తెలియదు" అనే బటన్ పెట్టకండి, మధ్య రంగులన్నీ అందులోకే పోతాయి. బటన్ మీద ఒట్టి "పచ్చ" అని రాయకండి, మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది పసుపుని కూడా పచ్చ అనే అంటారు. బటన్లకి మాత్రం రంగు వేయొద్దు. గ్రే బటన్ మీద నల్ల అక్షరాలు చాలు. నీలం బటన్ ఉంటే దాంతో పోల్చి చూసి జవాబు చెప్తారు.

సగం మందికి నీలం బటన్ ఎడమ వైపు, సగం మందికి కుడి వైపు వచ్చేలా చేయండి.

ఇదంతా గూగుల్ ఫామ్‌లో ఎందుకు కుదరదంటే, ఫామ్‌లో బొమ్మలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, తెల్లటి పేజీ, పక్క బొమ్మలు అన్నీ ఒకేసారి కంట్లో పడతాయి. మనం కొలిచేదే చుట్టుపక్కల రంగు ప్రభావం. ఆ చుట్టుపక్కల మన చేతిలో లేకపోతే ప్రయోగమే లేదు.

పేజీ కట్టడం

జేఎస్‌సైక్ అనే ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీ సరిగ్గా ఇలాంటి ప్రయోగాల కోసమే ఉంది. గడులు కలపడం, టైమ్ కొలవడం, జవాబులు పట్టికగా దాచడం అన్నీ అందులో ఉన్నాయి. కోడ్ రాయడం ఇష్టం లేకపోతే సైకోపై చూడండి. బొమ్మల్ని పేర్చుకుంటూ ప్రయోగం కట్టొచ్చు, ఆన్‌లైన్‌లో నడపడానికి దానికి పావ్లోవియా అనే తోడు సైట్ ఉంది.

పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టొచ్చు. కానీ అది పేజీని చూపిస్తుంది గానీ జవాబుల్ని దాచదు. ఈ సంగతి తెలియక లింక్ పంపేసి, వారం తర్వాత చూస్తే ఒక్క జవాబూ లేక నెత్తి పట్టుకునే ప్రమాదం ఉంది. జవాబుల్ని ఒక గూగుల్ షీట్‌లోకి పంపేలా యాప్స్ స్క్రిప్ట్ రాసుకోండి. మీరే రెండు వేర్వేరు ఫోన్ల నుంచి మొత్తం ప్రయోగం చేసి, షీట్‌లో 94 వరుసలు వచ్చాయో లేదో లెక్కపెట్టాకే లింక్ బయటికి పంపండి.

ప్రతి వరుసలో ఉండాల్సినవి: ఆ మనిషికి కంప్యూటర్ ఇచ్చిన అంకె, బ్యాక్‌గ్రౌండ్, గడి వర్ణం, జవాబు, పట్టిన టైమ్. జవాబుని "ఎడమ", "కుడి" అని దాచకండి, "నీలం", "ఆకుపచ్చ" అనే దాచండి. బటన్ల చోటు మార్చాం కాబట్టి, ఎడమ, కుడి అని దాస్తే సగం మంది డేటా తిరగబడిపోతుంది.

పేరు, ఫోన్ నంబర్, ఈమెయిల్ ఏవీ అడగకండి. మీకు అవసరం లేదు. లేని సమాచారం ఎవరూ దొంగిలించలేరు.

మనుషుల్ని అడగడం

ముందు అనుమతి. మీ ప్రాజెక్ట్ ఐసెఫ్ (స్కూలు విద్యార్థుల అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్) స్థాయి పోటీకి వెళ్లాలనుకుంటే, మనుషులు పాల్గొనే ప్రయోగానికి డేటా తీసుకోవడం మొదలుపెట్టక ముందే సమీక్ష కమిటీ అనుమతి ఉండాలి. తర్వాత తెచ్చుకుంటాం అంటే కుదరదు. స్కూలు స్థాయి పోటీ అయినా మీ సైన్స్ టీచర్‌తో ఒక కాగితం మీద సంతకం చేయించుకోండి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మీరు పేర్లు అడగకపోయినా సరే, క్లాస్‌మేట్స్‌ని కూర్చోబెట్టే ముందు వాళ్ల ఇంట్లో చెప్పి ఒప్పించుకోవడం మర్యాద.

మొదటి పేజీలో నాలుగు ముక్కలు రాయండి: ఇది ఎవరు చేస్తున్నారు, ఎంతసేపు పడుతుంది, ఏం దాచుకుంటారు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయొచ్చు. "పరీక్ష" అనే మాట వాడకండి. పరీక్ష అనగానే మన పెద్దవాళ్లకి కూడా టెన్షన్ మొదలవుతుంది, తప్పు చెప్తామేమో అని పక్కన ఉన్న పిల్లల్ని అడుగుతారు. "ఇందులో తప్పు జవాబు లేదు, మీకు ఏది అనిపిస్తే అది నొక్కండి, ఎవరినీ అడగకండి" అని పెద్ద అక్షరాల్లో రాయండి. బ్యాక్‌గ్రౌండ్ గురించి మాత్రం ముందే చెప్పకండి. చెప్తే కొందరు కావాలని దాన్ని సవరించుకుని జవాబిస్తారు. ప్రయోగం అయిపోయాక చివరి పేజీలో అసలు విషయం పూర్తిగా చెప్పేయాలి.

మొదలుపెట్టే ముందు వాళ్లు చేయాల్సినవి: ఫోన్‌లో స్క్రీన్ రంగుని తమంతట తామే మార్చే నైట్ లైట్, నైట్ షిఫ్ట్, ట్రూ టోన్ లాంటివి ఉంటే ఆపేయడం, డార్క్ మోడ్ తీసేయడం, చలువ కళ్లద్దాలు తీసేయడం, ఎండ నేరుగా స్క్రీన్ మీద పడకుండా కూర్చోవడం. డార్క్ మోడ్ సంగతి ముఖ్యం, కొన్ని బ్రౌజర్లలో అది పేజీలో రంగుల్నే మార్చేస్తుంది. చూపు కోసం పెట్టుకునే కళ్లజోడు ఉంచుకోవచ్చు, మధ్యలో మాత్రం తీయకూడదు. ఎవరైనా నైట్ లైట్ ఆపడం మర్చిపోయినా కంగారుపడకండి. రెండు బ్యాక్‌గ్రౌండ్‌లనీ వాళ్లు అదే స్క్రీన్ మీద చూశారు. ఈ పద్ధతి ఎంచుకున్నందుకు దక్కే లాభం ఇదే.

రంగుల గుర్తింపులో ఇబ్బంది ఉన్నట్టు తెలుసా అని ఒక ప్రశ్న పెట్టండి, "చెప్పడం ఇష్టం లేదు" అనే జవాబు కూడా పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియకపోవడం ఐరోపా మూలాలున్న మగవాళ్లలో సుమారు 8% మందికి, ఆడవాళ్లలో 0.5% మందికి ఉంటుంది. మీ గుంపులో కూడా ఒకరిద్దరు ఉండొచ్చు. కొందరికి తమకి అలా ఉందని తెలియదు కూడా. మీ ప్రయోగం చూసి ఎవరికీ "నీకు కలర్ బ్లైండ్‌నెస్ ఉంది" అని చెప్పకండి. అది కంటి డాక్టర్ చేయాల్సిన పని. 1917లో వచ్చిన ఇషిహారా చుక్కల పలకల్ని కూడా స్క్రీన్ మీద చూపించి తేల్చేయకండి, అవి సరైన అచ్చులో, సరైన వెలుతురులో చూడాల్సినవి.

వాట్సాప్‌లో లింక్ పంపేటప్పుడు ఒక మాట. నలుగురైదుగురితో ముందు చేయించి చూసుకున్నాకే గ్రూపుల్లో వేయండి. ఆ నలుగురిలో ఎవరికైనా గడులన్నీ నీలమే అనిపిస్తే, లేదా అన్నీ ఆకుపచ్చే అనిపిస్తే, 160 నుంచి 210 అనే పరిధిని అటో ఇటో జరపాలి. మనుషులకి ఇంకో అలవాటు ఉంది. రెండు బటన్లు ఇస్తే, తెలియకుండానే రెండూ సమానంగా నొక్కడానికి చూస్తారు. అందువల్ల గీత మీరు చూపించిన వరుస మధ్యలోకి కొంత జారుతుంది. గీత ఫలానా చోట ఉందని గట్టిగా చెప్పకూడదని, రెండు గీతల మధ్య తేడా గురించే మాట్లాడాలని చెప్పడానికి ఇది ఇంకో కారణం.

ఎంతమంది కావాలి? ఒకరిని ఇంకొకరితో పోల్చే ప్రయోగానికి వందల మంది కావాలి. దీనికి 20 మంది శ్రద్ధగా చేస్తే చాలు, 30 మంది అయితే ఇంకా మంచిది.

లెక్క

ముందు ఒక్క మనిషి డేటా తీసుకోండి. పైవట్ టేబుల్‌తో ప్రతి బ్యాక్‌గ్రౌండ్‌కీ, ప్రతి వర్ణానికీ నాలుగు సార్లలో ఎన్నిసార్లు "నీలం" అన్నారో లెక్కపెట్టండి. గ్రాఫ్‌లో అడ్డంగా వర్ణం, నిలువుగా "నీలం" శాతం. ఎడమ వైపు సున్నా దగ్గర మొదలై, మధ్యలో పైకి లేచి, కుడి వైపు 100 దగ్గర ఆగే గీత వస్తుంది. అది సరిగ్గా 50% దాటే చోటే ఆ మనిషి సరిహద్దు. ఇలా జవాబుల శాతం నుంచి మనసులోని సరిహద్దుని కొలిచే విద్యకి జర్మనీలో గుస్తావ్ ఫెక్నర్ 1860లో పునాది వేశారు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆకుపచ్చ బ్యాక్‌గ్రౌండ్ మీద 180 వర్ణానికి 4లో 1 సారి, 185కి 4లో 3 సార్లు "నీలం" అన్నారు. అంటే 25%, 75%. 50% సరిగ్గా మధ్యలో, 182.5 దగ్గర పడుతుంది. నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద 185కి 25%, 190కి 50%. సరిహద్దు 190. తేడా 7.5. ఆకుపచ్చ మధ్యలో ఉన్నప్పుడు గీత ముందే వచ్చింది, అంటే గడులు ఎక్కువ నీలంగా కనిపించాయి. మీ ఊహ ఆ మనిషి విషయంలో నిజమైంది.

నాలుగు సార్లే అడిగాం కాబట్టి కొందరి గీత మెట్లుమెట్లుగా ఎగుడుదిగుడుగా వస్తుంది, 50% రెండు మూడు చోట్ల దాటుతుంది. అలాంటప్పుడు ఏ చోటు తీసుకోవాలని తల పట్టుకోవద్దు. ప్రతి బ్యాక్‌గ్రౌండ్‌కీ 44 గడులు ఉన్నాయి కదా, వాటిలో మొత్తం ఎన్నింటిని "నీలం" అన్నారో లెక్కపెట్టండి. ఆకుపచ్చ మీద ఎన్ని, నీలం మీద ఎన్ని, తేడా ఎంత. నాకైతే స్కూలు ప్రాజెక్టుకి ఈ లెక్కే ఎక్కువ నచ్చుతుంది. ఎవరైనా చేతితో సరిచూసుకోవచ్చు, దాచేది ఏమీ ఉండదు. 0.2 సెకన్ల నియమం కింద కొన్ని జవాబులు తీసేసి ఉంటే మాత్రం సంఖ్యకి బదులు శాతం వాడండి.

ఇప్పుడు అందరి తేడాలూ ఒక వరుసలో పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ ప్రభావమే లేకపోతే, సగం మంది తేడా ఇటు, సగం మందిది అటు పడాలి, నాణెం బొమ్మా బొరుసూ పడ్డట్టు. 20 నాణేలు ఎగరేస్తే 15 లేదా అంతకన్నా ఎక్కువ బొమ్మ పడే అవకాశం సుమారు 2%. కాబట్టి మీ 20 మందిలో 15 మందికో అంతకన్నా ఎక్కువ మందికో తేడా మీరు ముందే రాసుకున్న వైపు ఉంటే, అది ఊరికే జరిగిందని చెప్పడం కష్టం. తేడా సరిగ్గా సున్నా వచ్చినవాళ్లని పక్కన పెట్టి, మిగిలినవాళ్లతోనే ఈ లెక్క వేయండి. మీ సంఖ్య వేరేదైతే గూగుల్ షీట్స్‌లో బైనామియల్ ఫంక్షన్ అదే లెక్క చేసిపెడుతుంది.

చార్టు మీద ఏం పెట్టాలి

సగటు ఒక్కటే పెట్టి వదిలేయకండి. ప్రతి మనిషికీ రెండు చుక్కలు, వాటిని కలుపుతూ ఒక గీత. ఇరవై గీతల్లో ఎన్ని ఒకే వైపు వాలాయో దూరం నుంచే కనిపిస్తుంది, వాలనివి కూడా కనిపిస్తాయి. వాలనివాటిని దాచొద్దు. పక్కన పెట్టిన మనుషులు ఎందరు, ఏ నియమం కింద పెట్టారో కూడా రాయండి.

"మా అమ్మమ్మ వయసు వాళ్ల గీత వేరే చోట ఉంది" అని రాయాలనే కోరిక చాలా బలంగా ఉంటుంది, పైగా అందులో నిజం ఉండే అవకాశం కూడా ఉంది. వయసుతో కంటి లెన్స్ పసుపు తిరుగుతుంది, నీలం వైపు కాంతిని ఎక్కువ ఆపేస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక నీలాలు ఒక్కసారిగా మెరిసినట్టు కనిపిస్తున్నాయని చాలామంది చెప్పేది అందుకే. కానీ అమ్మమ్మల చేతిలో పాత ఫోన్, మనవళ్ల చేతిలో కొత్త ఫోన్ ఉన్నప్పుడు మీ డేటా ఆ సంగతి తేల్చలేదు. ఆ ప్రశ్న మీద నిజంగా మనసుంటే ఇంకో ప్రాజెక్టుగా చేయండి: అందర్నీ ఒకే గదిలో, ఒకే ల్యాప్‌టాప్ ముందు, ఒకే వెలుతురులో కూర్చోబెట్టి.

ఫలితం ఊహకి పూర్తిగా వ్యతిరేకంగా వస్తే ముందు కోడ్ చూడండి. బ్యాక్‌గ్రౌండ్ పేర్లు తారుమారయ్యాయా? జవాబు దాచేటప్పుడు బటన్ చోటు కలిసిపోయిందా? ఖాయంగా నీలం అయిన గడికి "ఆకుపచ్చ" అని నమోదవుతుంటే సమస్య అక్కడే ఉంది. కోడ్ అంతా సరిగ్గా ఉండి కూడా తేడా రాకపోతే, వచ్చింది వచ్చినట్టే చార్టు మీద పెట్టండి. గడి సైజు, బ్యాక్‌గ్రౌండ్ గాఢత ఎంత వాడారో అంకెలతో రాయండి, వచ్చే ఏడాది మీ స్కూల్లో ఎవరైనా గడి చిన్నది చేసి మళ్లీ ప్రయత్నించగలగాలి.

చివరిగా, పాల్గొన్నవాళ్లకి ఫలితం పంపండి. రెండు ఒకే రంగు గడులు, ఒకటి ఆకుపచ్చ మీద, ఇంకోటి నీలం మీద, పక్కపక్కన పెట్టిన ఒక బొమ్మ చేసి, కింద "రెండు గడులూ ఒకటే రంగు, నమ్మకం లేకపోతే చుట్టూ ఉన్నదాన్ని వేళ్లతో మూసి చూడండి" అని రాసి అదే వాట్సాప్ గ్రూపులో వేయండి. బొమ్మని జేపెగ్‌గా కాకుండా పీఎన్‌జీగా దాచి, డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే కంప్రెస్ అయ్యేటప్పుడు రంగులు కొంచెం కదిలే అవకాశం ఉంది.